లోహం విరిగేటప్పుడు పరమాణువులు ఏమి చేస్తాయి?

నారాయణఖేడ్ వంటి ఊళ్ళలో దుక్కులకు ముందు అరిగిన నాగలి కర్రులు కమ్మరి కొలిమికి చేరటం ఆనవాయితీ. ట్రాక్టర్లు వచ్చి ఈ పని బాగా తగ్గింది గాని, కొలిమి దగ్గర జరిగేది భౌతికశాస్త్ర విద్యార్థికి నేటికీ మంచి పాఠమే. కమ్మరి కర్రును ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, సమ్మెటతో కొడతాడు. ఎర్రగా ఉన్నంతసేపూ ఇనుము మైనంవలె సాగుతుంది. చల్లారిన తరువాత అదే దెబ్బకు ఎదురుతిరుగుతుంది. పట్టుబట్టి కొడితే అంచున బీట పడుతుంది. బాగా కాలిన కర్రును నీళ్ళలో ముంచి పదును పెడితే గట్టిపడుతుంది. కాని ఆ పదును మితిమీరితే రాతికి తగిలినప్పుడు పుటుక్కున విరుగుతుంది.

ఇనుము అదే, దానిలోని పరమాణువులూ అవే. ఒకప్పుడు సాగటం, ఒకప్పుడు గట్టిపడటం, ఒకప్పుడు విరగటం ఎందువల్ల? కమ్మరికి ఇది చేతి అనుభవం వల్ల తెలిసిన విషయం. శాస్త్రజ్ఞులకు దీని కారణం తెలియటానికి ఇరవయ్యో శతాబ్దం దాకా పట్టింది. ఘనపదార్థపు బలం దానిలోని పరమాణువుల బంధాల కంటె, ఆ పరమాణువుల అమరికలో ఉన్న లోపాల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందని తేలింది. ఆ లోపాలు ఎట్లా పుట్టి, ఎట్లా కదిలి, పదార్థాన్ని ఎట్లా విరుగగొడతాయో పరమాణువు పరమాణువుగా చూపగలిగిన ఒక గణన పద్ధతి కూడా ఏర్పడింది. ఆ పద్ధతికి పునాది వేసిన వారిలో అగ్రగణ్యుడు హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన అనీసుర్ రహమాన్. మన పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు కనిపించకపోవటం విచారకరం.

ముందు బలం సంగతి చూద్దాం. లోహాలు స్ఫటికాలు. రాగిలో పరమాణువులు పండ్ల దుకాణంలో బత్తాయిలు పేర్చినట్లు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. పై పొరలోని ప్రతి బత్తాయీ కింది పొరలోని గుంటలో కూర్చుంటుంది. తీగను వంచినప్పుడు ఒక పొర మరొక పొర మీద జారుతుంది. 1926లో రష్యన్ శాస్త్రజ్ఞుడు యాకొవ్ ఫ్రెంకెల్ ఒక ప్రశ్న వేసుకున్నాడు: పొర మొత్తం ఒక్కసారిగా పక్క గుంటలలోకి జారాలంటే ఎంత బలం కావాలి? ఆయన పద్ధతిలో రాగికి లెక్క వేస్తే చదరపు మిల్లీమీటరుకు సుమారు 700 కిలోగ్రాముల బరువు కావాలని వస్తుంది. తరువాతి వారు లెక్కను సవరించి తగ్గించారు గాని అది 100 కిలోగ్రాములకు పైనే ఉన్నది. మరి ప్రయోగశాలలో? శుద్ధమైన రాగి ఏకస్ఫటికం చదరపు మిల్లీమీటరుకు నూరు గ్రాములకు అటూ ఇటూగానే జారిపోతుంది! లెక్కకూ వాస్తవానికీ వెయ్యి రెట్లకు మించిన తేడా. ఇంత తేడాను కొలతలోని పొరపాటు అని సరిపెట్టుకోవటానికి వీలులేదు.

1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారే ఈ చిక్కును విడదీశారు. పెద్ద జంపఖానాను నేల మీద ఒక జానెడు జరపాలనుకోండి. ఒక చివర పట్టి లాగితే మొత్తం జంపఖానా ఒకేసారి జరగాలి. చాలా బలం కావాలి. అదే ఒక చివర చిన్న మడత లేపి, ఆ మడతను చేతితో నెట్టుకుంటూ రెండవ చివరకు తీసుకుపోతే, పిల్లవాడు కూడా జరపగలడు. స్ఫటికంలో కూడా ఒక పరమాణువుల వరుస సగంలో ఆగిపోయి, అక్కడ అమరిక కొంచెం తప్పి ఉంటుంది. దీనిని డిస్లొకేషన్ అంటారు. మనం వరుసతప్పు అని పిలుచుకుందాం. పొర మొత్తం జారనక్కరలేదు. వరుసతప్పు ఒక్కొక్క బంధాన్నే విడదీసి కలుపుతూ ముందుకు పోతుంది. అది స్ఫటికాన్ని దాటేసరికి పొర ఒక అడుగు జారి ఉంటుంది.

ఇది ఊహ మాత్రమే కదా అని చాలామంది సందేహించారు. 1952లో బెల్ ప్రయోగశాలలో హెరింగ్, గాల్ట్ అనే వారు వెంట్రుకకంటె సన్నని తగరపు తంతువులను వంచి చూశారు. వరుసతప్పులు దాదాపు లేని ఆ తంతువులకు సిద్ధాంతం చెప్పిన బలానికి దగ్గరగా బలం ఉన్నది. 1956లో కేంబ్రిడ్జిలో హర్ష్, హోర్న్, వీలన్ అనే శాస్త్రజ్ఞులు పలుచని అల్యూమినియం రేకును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి, వరుసతప్పులు కదలటం కళ్ళారా చూశారు.

ఇప్పుడు కొలిమి దగ్గర జరిగేది అర్థమవుతుంది. చల్లని ఇనుమును కొట్టిన కొద్దీ వరుసతప్పులు పెరిగి, చిక్కుపడిన దారపు ఉండవలె ఒకదానికొకటి అడ్డుపడతాయి. అందుచేత ఇనుము గట్టిపడుతుంది. ఎర్రగా కాలినప్పుడు పరమాణువులకు చలనం ఎక్కువై ఆ చిక్కు విడిపోతుంది. ఎర్రని ఉక్కును నీళ్ళలో ముంచితే కార్బన్ పరమాణువులు ఇనుప పరమాణువుల నడుమ ఇరుక్కుపోయి, స్ఫటికాన్నే వికృతం చేసి, వరుసతప్పులను కదలనివ్వవు. సాగే దారి మూసుకుపోయినప్పుడు పదార్థానికి మిగిలింది బీట వారటమే. అందువల్లనే గట్టితనం, పెళుసుతనం తరచు జంటగా వస్తాయి.

కార్బనూ ఉక్కూ అనగానే మన కోనసముద్రం గుర్తుకు వస్తుంది. నిజామాబాదు ప్రాంతంలోని ఆ గ్రామంలో మూసలలో కరగించి తయారుచేసిన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కస్ కత్తులుగా పేరుపొందిన వాటికి ఇటువంటి భారతీయ ఉక్కే ముడిసరుకు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ఒకదానిలో అతిసూక్ష్మమైన కార్బన్ నాళాలు కనిపించాయని ప్రకటించారు. ఆ నాళాల వల్లనే ఆ కత్తికి అంత పదును అని కొందరు రాసినది మాత్రం, కనుగొన్నదానికి మించిన మాట.

వంగకుండా విరిగే పదార్థాల సంగతి వేరు. గాజు స్ఫటికం కాదు, దానిలో జారే పొరలు లేవు. గాజుపలకలు కోసే దుకాణంలో పనివాడు వజ్రపు మొనతో సన్నని గీత గీసి, అంచు మీద తడతాడు. పలక ఆ గీత వెంట రెండుగా విడిపోతుంది. అంత పెద్ద పలక బలమంతా ఆ గీత ముందు ఏమైంది? 1921లో ప్రచురించిన వ్యాసంలో ఆంగ్ల ఇంజనీరు గ్రిఫిత్ దీనికి సమాధానం చెప్పాడు. బీట పెరిగినప్పుడు రెండు కొత్త ఉపరితలాలు ఏర్పడాలి. అందుకు శక్తి ఖర్చు అవుతుంది. అదే సమయంలో చుట్టూ సాగి ఉన్న పదార్థం సడలి శక్తిని ఇస్తుంది. బీట చిన్నదిగా ఉంటే ఖర్చు ఎక్కువ, అది ఆగిపోతుంది. ఒక హద్దు దాటితే రాబడి ఎక్కువ. ఇక దానిని ఆపలేము.

ఈ హద్దు పుస్తకాలలో ఉండిపోయేది కాదు. బ్రిటిషు వారు నిర్మించిన కామెట్ జెట్ విమానాలు రెండు 1954లో, జనవరి 10న ఒకటి, ఏప్రిల్ 8న మరొకటి, మధ్యధరా సముద్రం మీద ఆకాశంలోనే ముక్కలయి 56 మంది మరణించారు. మరొక కామెట్ విమానపు శరీరాన్ని నీటి తొట్టిలో ఉంచి, లోపలి పీడనాన్ని పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించగా, కిటికీలవంటి రంధ్రాల మూలలవద్ద సన్నని బీట పుట్టి, పెరిగి, హద్దు దాటుతుందని తేలింది. ఒక్కసారి వేసిన భారాన్ని సులభంగా భరించే లోహం, అంతకంటె తక్కువ భారాన్ని వేలసార్లు మోసి అలసి విరుగుతుంది.

ఈ అలసటను తరగతిలోనే చూపవచ్చును. కరెంటు పనికి వాడే రాగితీగ ముక్కను తీసుకుని పై తొడుగు వలిచి, మధ్యలో వంచండి. ఇప్పుడు దానిని తిరిగి తిన్నగా చేయబోతే, వంచిన చోట సరికాదు. దాని పక్కన మెత్తగా ఉన్న చోట కొత్తగా వంగుతుంది. వంచిన చోట చిక్కుపడిన వరుసతప్పులే దీనికి కారణం. పటకారుతో బిగించి ఒకే చోట అటూ ఇటూ వంచుతూ ఎన్నోసారికి విరుగుతుందో లెక్కపెట్టండి. మరొక ముక్కను కొంతసేపు వంచి, విరగకముందే ఆపి, ఉపాధ్యాయుని సమక్షంలో మంటమీద ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చండి. అది మళ్ళీ మెత్తబడి ఉంటుంది.

ఇంతవరకు చెప్పినదంతా తెలిసిన తరువాత కూడా ఒక వెలితి మిగిలింది. బీట మొన వద్ద ఒక బంధం తెగి, పక్క బంధం ఇంకా తెగకముందు అక్కడి పరమాణువులు ఏమి చేస్తున్నాయి? బీట సెకనుకు వందల మీటర్ల వేగంతో పోగలదు. ఏ సూక్ష్మదర్శినీ అంత చిన్న వస్తువును అంత వేగంలో పట్టుకోలేదు. కంటికి అందనిదానిని లెక్కతో అందుకోవలసి వచ్చింది.

లెక్క సూత్రం పాఠశాలలో చెప్పే న్యూటన్ రెండవ నియమమే. ప్రతి పరమాణువు మీద పక్క పరమాణువులు కలిగించే బలం తెలిస్తే, దాని త్వరణం తెలుస్తుంది. త్వరణం తెలిస్తే కొద్ది క్షణం తరువాత అది ఎక్కడ ఉంటుందో తెలుస్తుంది. అక్కడ మళ్ళీ బలాలు లెక్కించాలి. మళ్ళీ ఒక అడుగు వేయాలి. 1967లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూ వెర్లే ఈ పనికి ప్రచారంలోకి తెచ్చిన సూత్రాన్ని ఎనిమిదో తరగతి విద్యార్థి కూడా వాడగలడు: ఇప్పటి స్థానాన్ని రెట్టింపు చేసి, క్రితం స్థానాన్ని తీసివేసి, త్వరణాన్ని కాలవ్యవధి వర్గంతో గుణించి కలిపితే తరువాతి స్థానం వస్తుంది. కిందపడే రాయితో సరిచూద్దాం. కాలవ్యవధి సెకనులో పదవ వంతు. త్వరణం 980 సెంటీమీటర్లు. కాబట్టి కలపవలసినది 9.8. రాయి మొదట 0 వద్ద, తరువాత 4.9 సెంటీమీటర్ల వద్ద ఉన్నది. రెట్టింపు 9.8, దానిలో 0 తీసివేసి 9.8 కలిపితే 19.6. మళ్ళీ దానిని రెట్టింపు చేస్తే 39.2, 4.9 తీసివేసి 9.8 కలిపితే 44.1. పాఠ్యపుస్తకంలోని సూత్రం కూడా ఇవే విలువలను ఇస్తుంది. ఒక్క రాయికి బదులు వేలకొలది పరమాణువులు ఉంటాయి, ఒక్కొక్కదాని మీద పక్కవాటి బలాలు అడుగడుగునా మారుతుంటాయి. తేడా అంతే.

ఆ తేడాకు మనిషి చేతి లెక్క చాలదు, కంప్యూటరు కావాలి. 1957లో అమెరికాలో ఆల్డర్, వెయిన్‌రైట్ అనే వారు గట్టి గోళీలవంటి ఊహాకణాలతో ఇటువంటి గణన మొదలుపెట్టారు. 1960లో బ్రూక్‌హేవెన్‌లో వైన్‌యార్డ్ బృందం కొన్ని వందల రాగి పరమాణువుల స్ఫటికంలో ఒక పరమాణువును వేగంగా తన్ని, అణువికిరణం లోహాన్ని ఎట్లా దెబ్బతీస్తుందో చూసింది.

అనీసుర్ రహమాన్ కేంబ్రిడ్జిలో చదివి, బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో 1953లో డాక్టరేటు పొంది, హైదరాబాదుకు తిరిగి వచ్చి ఉస్మానియాలో అధ్యాపకులయ్యారు. 1960లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చేరారు. ప్రయోగశాల పేరూ ఆయన ఎన్నుకున్న ఆర్గాన్ వాయువు పేరూ మన లిపిలో ఒకటిగా కనిపించటం కేవలం కాకతాళీయం. 1964లో ఆయన ప్రచురించిన వ్యాసంలో 864 ఆర్గాన్ పరమాణువులు ఉన్నాయి. సెంటీమీటరును కోటి భాగాలు చేస్తే వాటిలో సుమారు మూడున్నర భాగాల పొడవుగల ఘనాకారపు పెట్టెలో, శూన్యానికి దిగువన 179 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద, అవి ద్రవంగా కదులుతున్నాయి. ఒక్కొక్క అడుగు కాలం సెకనులో నూరు లక్షల కోట్లవ వంతు. పెట్టె గోడల చిక్కు లేకుండా, కుడి గోడ దాటిన పరమాణువు ఎడమ గోడనుండి లోపలికి వచ్చేటట్లు ఏర్పాటు చేశారు. ఎదురెదురు అద్దాలున్న క్షౌరశాలలో ఒక మనిషి అంతులేని వరుసగా కనిపించినట్లు, ఆ చిన్న పెట్టె అంతులేని ద్రవంగా ప్రవర్తించింది. పరమాణువులు వ్యాపించే వేగం లెక్కలో ఎంత వచ్చిందో, నిజమైన ఆర్గాన్ ద్రవంలో కొలిచినదీ దాదాపు అంతే. గోళీలకు బదులు నిజమైన పదార్థాన్ని ఈ విధంగా లెక్కించవచ్చునని నమ్మకం కలిగించినది ఈ వ్యాసమే.

కాని ద్రవాన్ని చూడటం వేరు, ఘనాన్ని లాగి విరవటం వేరు. పెట్టె ఆకారం మారకుండా ఉంటే, స్ఫటికాన్ని లాగినప్పుడు అది తన ఇష్టప్రకారం సాగలేదు, కొత్త అమరికలోకి మారలేదు. ఈ అడ్డును రహమాన్, ఇటలీకి చెందిన మికేలె పరినెల్లో కలిసి 1980, 1981లలో తొలగించారు. వారి పద్ధతిలో పెట్టె కూడా ఒక పాత్రధారి. బయటి ప్రతిబలానికి, లోపలి పరమాణువుల తోపుకు లోబడి అది సాగుతుంది, కుంచించుకుంటుంది, ఏటవాలుగా వాలుతుంది. 1981 వ్యాసంలో వారు ఈ పద్ధతిని ఒక నికెల్ స్ఫటికం మీద ప్రయోగించారు. ఒక దిశలో నొక్కినప్పుడు ఒక స్థాయి దాటగానే స్ఫటికం ఘనాకారపు అమరికనుండి షడ్భుజాకారపు అమరికలోకి దారితీసింది. పరమాణువులు నిశ్చలంగా ఉన్నాయని భావించి వేసిన పాత లెక్కలలో కొన్ని, వేడి ఉన్నప్పుడు చెల్లవని కూడా తేలింది. సున్న చలనం దగ్గర స్ఫటికం ఎంత బలాన్ని ఓర్చునో చెప్పినంతమాత్రాన, పరమాణువులు కంపిస్తున్న నిజమైన లోహం గురించి చెప్పినట్లు కాదు. నేను ఈ వ్యాసాన్ని 1964 నాటి దానితో సమానంగా గౌరవిస్తాను. రహమాన్ 1985లో మినెసోటా విశ్వవిద్యాలయానికి మారి, 1987లో మరణించారు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ 1993 నుండి గణన భౌతికశాస్త్రంలో ఆయన పేర బహుమతి ఇస్తున్నది.

ఈ గణనలన్నింటికీ ప్రాణం పరమాణువుల నడుమ బలం ఎంత అనే నియమం. అది తప్పయితే మిగతా లెక్క ఎంత శుద్ధంగా వేసినా ఫలితం తప్పే. ఆర్గానుకు రెండేసి పరమాణువుల మధ్య బలం తీసుకుంటే సరిపోతుంది. లోహంలో ఎలక్ట్రాన్లు అందరి ఉమ్మడి సొత్తు. ఒక బంధం బలం చుట్టూ ఎందరు పొరుగువారు ఉన్నారన్న దానిమీద ఆధారపడుతుంది. 1983లో అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో డా, బాస్కెస్ అనే వారు ఈ సంగతిని లెక్కలోకి తెచ్చే నియమం ఒకటి ఏర్పరచారు. వారి ఉద్దేశం కూడా విరగటాన్ని గురించినదే. హైడ్రోజన్ సోకిన నికెల్ ఎందుకు పెళుసవుతుందో వారు తెలుసుకోదలచారు. 2007లో బేలర్, పరినెల్లో క్వాంటం గణనల ఫలితాలను చూపి యంత్రానికే బల నియమం నేర్పే పద్ధతిని ప్రతిపాదించారు. అది ఇప్పుడు విరివిగా వ్యాపించింది.

బీటల విషయంలో గణన ఒక పాత విశ్వాసాన్ని సవరించటానికి తోడ్పడింది. ఘనపదార్థం ఉపరితలం వెంట ధ్వనితరంగం ఒక నిర్ణీత వేగంతో పోతుంది. బీట ఆ వేగాన్ని మించలేదని సిద్ధాంతం. 1999లో అమెరికాలో రొసాకిస్ బృందం ప్రత్యేకమైన ప్లాస్టిక్ పలకలలో, కోతబలం వల్ల పుట్టిన బీటలు ఆ హద్దు దాటి పోవటం చూసింది. ఎట్లా దాటాయి? 2000లో ఏబ్రహం, గావ్ అనే వారు ప్రచురించిన గణనలో దృశ్యం స్పష్టంగా కనిపించింది. తల్లిబీట హద్దు వేగానికి చేరుకుని అక్కడ ఆగిపోతుంది. కాని దానికి ముందున్న చోట కోతబలం పోగుపడి, కొంచెం దూరంలో ఒక పిల్లబీట పుడుతుంది. అది హద్దుకు అవతలి వేగంతోనే పుట్టి పరుగెత్తుతుంది. 2002లో ఏబ్రహం బృందం నూరు కోట్ల పరమాణువులతో మెత్తని లోహంవంటి స్ఫటికంలో వరుసతప్పులు పుట్టి చిక్కుపడటాన్ని కూడా చూపింది.

నూరు కోట్లు అనగానే పెద్ద ముక్క అనుకోకూడదు. నూరు కోట్ల రాగి పరమాణువులతో ఒక ఘనం చేస్తే దాని భుజం మిల్లీమీటరులో సుమారు నాలుగు వేలవ వంతు. తలవెంట్రుక మందం దానికి కొన్ని వందల రెట్లు. కాలం సంగతి ఇంకా కష్టం. ఒక్కొక్క అడుగు సెకనులో వెయ్యి లక్షల కోట్లవ వంతు అయితే, పది లక్షల అడుగులు వేసినా సెకనులో నూరు కోట్లవ వంతే గడుస్తుంది. అంతలో ముక్కను పదోవంతు సాగదీయాలి. ప్రయోగశాలలో అదే సాగుడుకు నూరు సెకన్లు తీసుకోవటం మామూలు. అనగా లెక్కలోని లోహాన్ని మనం పది వేల కోట్ల రెట్ల వేగంతో లాగుతున్నాము! తీరికగా లాగినప్పుడు వేడివల్ల పరమాణువులు మెల్లగా చోటు మారటం, హైడ్రోజన్ బీట మొనవద్దకు చేరటం వంటివి జరుగుతాయి. లెక్కలో వాటికి వ్యవధి లేదు. కావున కంప్యూటరు తెరమీద విరిగిన ముక్కను చూసి, మన వంతెన కమ్మీ కూడా ఇంత భారానికే విరుగుతుందని చెప్పటం సాహసం. తెలిసిన శాస్త్రజ్ఞులు ఆ పని చేయరు. ఒక వరుసతప్పు కదలటానికి ఎంత బలం కావాలి, ఒక కార్బన్ పరమాణువు దానిని ఎంతగా పట్టి ఉంచుతుంది వంటి చిన్న ప్రశ్నలకు సమాధానం తీసుకుని, దానిని పెద్ద కొలతల గణనకు అందిస్తారు. ఈ రెండు కొలతలను కలిపే దారి ఇంకా పూర్తిగా పడలేదు.

ఈ పనికి తగిన సాధనాలు మన జిల్లాలోనే ఉన్నాయి. నారాయణఖేడ్ నుండి సంగారెడ్డి మీదుగా హైదరాబాదు వెళ్ళే దారిలో కంది వస్తుంది. అక్కడి ఐఐటీలో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద పరమ్ సేవా అనే యంత్రాన్ని నెలకొల్పారు. దాని సామర్థ్యం 838 టెరాఫ్లాపులు, అనగా సెకనుకు 838 లక్షల కోట్ల గణనలు. హైదరాబాదులో రక్షణశాఖవారి లోహ పరిశోధనశాల, మిశ్రధాతు నిగం, అణు ఇంధన సముదాయం ఉన్నాయి. లోహం ఎప్పుడు విరుగుతుందన్న ప్రశ్న వాటికి నిత్యమూ ఎదురయ్యేదే. శాండియావారి లాంప్స్ అనే గణన కార్యక్రమం ఉచితంగా దొరుకుతుంది. పాఠశాలలోని మామూలు కంప్యూటరు మీద కూడా కొన్ని వేల పరమాణువుల స్ఫటికాన్ని లాగి చూడవచ్చును.

కంప్యూటరు లేనిచోట సబ్బునీళ్ళు చాలు. 1947లో బ్రాగ్, నై అనే శాస్త్రజ్ఞులు సబ్బు బుడగలతో స్ఫటికాన్ని నిర్మించారు. వెడల్పు పళ్ళెంలో సబ్బునీళ్ళు పోసి, కొన్ని చుక్కల గ్లిజరిన్ కలపండి. చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపుకు, మొన అరగదీసిన సన్నని సూదిని తగిలించి, నీటి అడుగునుండి నిదానంగా గాలి వదలండి. సూదిని ఒకే లోతున కదలకుండా ఉంచితే మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పరిమాణంలో ఒకే తీరు బుడగలు వచ్చి, ఒకదానికొకటి అతుక్కుని తేనెపట్టువంటి తెప్పగా ఏర్పడతాయి. తెప్పను రెండు గాజుపట్టీల నడుమ మెల్లగా పక్కకు జరిపితే, ఒక చోట వరుస తప్పి, ఆ తప్పు గీతవలె తెప్ప అంతటా పరుగెత్తి, అవతలి అంచున ఒక చిన్న మెట్టును మిగిల్చి మాయమవుతుంది. కంటిని నీటి మట్టానికి దగ్గరగా ఉంచి వాలుగా చూస్తే ఈ పరుగు బాగా కనిపిస్తుంది. తరువాత సూదిని పైకో కిందికో జరిపి, పెద్ద బుడగను ఒకదానిని తెప్ప మధ్యలో చేర్చి, మళ్ళీ జరపండి. వరుసతప్పు ఆ పెద్ద బుడగ పక్కన ఎక్కడ నిలుస్తుందో, ఎంత నెట్టిన తరువాత దానిని వదలి ముందుకు సాగుతుందో విద్యార్థులచేత లెక్క రాయించండి.